యాంకిల్ బ్రేస్ ఉంటే మొదటి అడుగు జాగ్రత్త
గట్టి యాంకిల్ బ్రేస్ (చీలమండ కదలకుండా పట్టి ఉంచే పట్టీ) వేసుకున్నాక తడబాటు ఎక్కువగా కనిపించేది మొదటి అడుగులోనే. మామూలుగా పాదం లేవకముందే పిక్క కండరం సడలుతుంది, మోకాలి కింద ముందువైపు కండరం బిగుస్తుంది. పాదం కింద ఒత్తిడి మడమవైపు జరిగి ఒళ్లు ముందుకు ఒరుగుతుంది. బ్రేస్ చీలమండను పట్టేస్తే ఆ ఒరుగు తగ్గి, తూలతాం.

అమీర్‌పేటలో మెట్రో మారాలంటే రైలు ఆగాకే లేవండి. కడ్డీ పట్టుకుని 2, 3 సెకన్లు నిలబడండి. బరువు బ్రేస్ లేని కాలి మీదికి తెచ్చి, బ్రేస్ కాలితో చిన్న అడుగు వేయండి. వెనక జనం తోసుకొస్తారు, రానివ్వండి.

స్ట్రాప్‌లు మాత్రం కూర్చుని, మేజోడు మీద, మడమ వెనక్కి ఆనించి బిగించాలి. వేళ్లు తిమ్మిరెక్కితే కాస్త వదులు చేయండి. హవాయి చెప్పులు అసలొద్దు, బ్రేస్‌తో సహా పాదం జారుతుంది.