మడ మొక్క నాటే ముందు నీటికి దారి: హైదరాబాద్ బృందాలకు సూచనలు

ఆదివారం బస్సు మాట్లాడుకుని కాకినాడ వెళ్లి, వెయ్యి మొక్కలు గుచ్చి, ఫొటోలు దిగి వచ్చేస్తే మడ అడవి (సముద్రపు పోటు నీళ్లలో పెరిగే మాంగ్రోవ్ అడవి) లేవదు. నాటడం ఊరివాళ్ల పని. నగరంలో కూర్చుని చేయాల్సింది వేరే ఉంది, అది ఏడాది ముందే మొదలవ్వాలి.

బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) మ్యాపుల వెబ్‌సైటు భువన్‌లో, గూగుల్ ఎర్త్‌లో నాటాలనుకున్న చోటి పాత, కొత్త ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకప్పుడు మడ ఉండి ఇప్పుడు బోడిగా మారిన నేలే కావాలి. ఎన్నడూ మడ లేని బురద మేటల మీద నాటితే మొక్క ఎక్కువసేపు మునిగి ఉంటుంది, కాండానికి గుల్లలు పట్టి ఆ బరువుకే ఒరిగిపోతుంది. పాయ ఎక్కడ పూడింది, ఏ రొయ్యల చెరువు గట్టు పోటును ఆపింది, గేదెలు ఎటు దిగుతాయి అన్నవి వేటకు వెళ్లేవాళ్లకూ, పీతలు పట్టే ఆడవాళ్లకూ తెలుసు. అటవీశాఖ అనుమతి, ఊరి వన సంరక్షణ సమితి ఒప్పుకోలు లేకుండా పార దించొద్దు.

పోటు నీరు వచ్చి తిరిగి పోలేని పల్లంలో, ఎండకు ఉప్పదనం సముద్రపు నీటిని (లీటరుకు సుమారు 35 గ్రాములు) మించిపోతుంది. తెల్లగా పొరకట్టిన నేలలో ఏం నాటినా దండగే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దీనికి చేపముల్లు ఆకారంలో కాలువలు తీస్తారు: పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి ఏటవాలుగా పిల్ల కాలువలు. పైన వెడల్పు, అడుగున ఇరుకు ఉండాలి. నిటారుగా తవ్వితే గోడలు జారతాయి. అడుగు పాయవైపు వాలిందో లేదో మేస్త్రీల లెవల్ పైపుతో చూడండి. వేసవిలో తవ్వితే వానలకు ఉప్పు కడుక్కుపోతుంది.

నాటేది వాన కాలం తర్వాత, కాలువ వాలు మధ్యలో, 2 మీటర్ల ఎడంగా. అడుగున పెడితే మునుగుతుంది, గట్టు మీద ఎండుతుంది. ఉప్పు పొన్న (ఒక మడ జాతి) కాడలు, అంటే చెట్టు మీదే మొలకెత్తిన పొడవాటి మొలకలు, రాలినవే ఏరండి. మొగ్గ కొస పైకి ఉంచి మూడో వంతు బురదలో గుచ్చితే చాలు. తెల్ల మడ, నల్ల మడ గింజలైతే ఒక రాత్రి పాయ నీళ్లలో నానబెట్టి, పొట్టు ఊడాక ఒండ్రు నింపిన సంచుల్లో, పోటు తడిపే చోట పెంచాలి. నాటేటప్పుడు సంచి పూర్తిగా తీసేయండి (బురదలో వదిలేసేవాళ్లే ఎక్కువ). అమావాస్య, పున్నమి పోట్లు కొత్త మొక్కల్ని పీకేస్తాయి. అష్టమి అయ్యాక ఒకటి రెండు రోజులకు పోటు చిన్నది, అప్పుడు మేలు. పోటు వేళలకు ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) అంచనాలు చూసుకోండి.

డబ్బు మూడేళ్లకు సరిపోవాలి: ఏటా పూడికతీత, కాపలా కూలి, చచ్చిన చోట మళ్లీ నాటడం. ఒక ఏడాదికే ఉంటే విస్తీర్ణం తగ్గించండి. మూడు నెలలకోసారి గుర్తు పెట్టిన వంద మొక్కలను లెక్కించమనండి. కాలువ కొసన వరసగా చస్తే పూడిక; అక్కడక్కడా చివుళ్లు తెగి ఉంటే పశువులు. కొట్టుకొచ్చిన గింజలు వాటంతటవే మొలుస్తుంటే ఇక నారు కొనక్కర్లేదు.