నర్సరీ మొక్క తెచ్చారా, వెంటనే పాత మొక్కల పక్కన పెట్టకండి
బెంగళూరులో ఉండే మనవాళ్ళకి చెప్తున్నా, లాల్‌బాగ్ ఫ్లవర్ షోకి వెళ్ళి అక్కడి స్టాల్స్‌లో మొక్కలు కొనేసి నేరుగా బాల్కనీలో మిగతా వాటి మధ్య పెట్టేస్తారు చాలామంది, దయచేసి అలా చెయ్యకండి, కొత్త మొక్కకి పురుగు ఉంటే మిగతా వాటికీ పాకుతుంది, కనీసం రెండు మూడు వారాలు వేరే కిటికీ దగ్గర విడిగా ఉంచండి. కొనేటప్పుడే ఆకుల్ని తిప్పి కింద చూడండి, ఆకు కాడ కాండానికి అతుక్కునే మూలలో తెల్లగా దూదిలా ఉంటే అది పిండినల్లి అనే పురుగు. సాలెగూడు లాంటి సన్నటి బూజు, ఆకు మీద లేత చుక్కలు ఉంటే ఎర్రనల్లి అనే చిన్న పురుగు, ఇది పొడిగాలిలో బాగా పెరుగుతుంది కాబట్టి ఇక్కడ ఫిబ్రవరి మార్చిలో మరీ జాగ్రత్త.

పిండినల్లి కనిపిస్తే ఇయర్ బడ్‌ని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కోదాన్నీ తుడిచెయ్యండి, తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్ళలో 5 ఎం.ఎల్. వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోప్ బాగా గిలక్కొట్టి సాయంత్రం పూట ఆకుల కింద కూడా తడిసేలా కొట్టండి, ఎండలో కొడితే ఆకులు మాడతాయి. ముందు ఒక్క ఆకు మీద ట్రై చేసి చూడండి. ఒక్కసారితో పోదు, గుడ్లు మిగిలిపోతాయి, వారానికోసారి మూడు నాలుగు సార్లు కొట్టాల్సిందే. కుండీ చుట్టూ చిన్న నల్ల దోమలు ఎగురుతుంటే మాత్రం మందు కన్నా ముందు నీళ్ళు తగ్గించండి, పైమట్టి ఒక అంగుళం ఆరాకే పొయ్యండి, పసుపు జిగురు అట్ట ఒకటి గుచ్చండి.