బెజవాడ నుంచి ఇరాన్ టూర్: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

ముందు విదేశాంగ శాఖ తాజా సూచన చూడండి. వెళ్లొద్దంటే ఆగిపోండి, ప్యాకేజీ ఎంత చవకైనా సరే.

తర్వాత డబ్బు. మన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ చెల్లవు. ఖర్చుకు సరిపడా డాలర్లో యూరోలో నగదుగా పట్టుకెళ్లాలి. నోటు మీద రియాల్, దుకాణంలో చెప్పే ధర తోమాన్. 10 రియాళ్లు ఒక తోమాన్. ఏ లెక్కో అడిగాకే పర్సు తీయండి.

మార్చి 20 తర్వాత రెండు వారాలు నౌరోజ్ (ఇరానీల కొత్త సంవత్సరం) రద్దీ, గదులు దొరకవు. ఏప్రిల్ చివర మేలు. కాషాన్, అబియానె, ఇస్ఫహాన్, యజ్ద్, షిరాజ్ వరసలో వెళ్తే తిరిగిన దారే తిరగక్కర్లేదు.

అబియానెలో ఇళ్లన్నీ ఎర్రమట్టివే. కొండవాలు మీద మెట్లుమెట్లుగా కట్టారు. కింది ఇంటి డాబాయే పైఇంటికి వాకిలి. పూల ముసుగు వేసుకున్న పెద్దావిడల్ని అడక్కుండా ఫొటో తీయొద్దు. యజ్ద్‌లో దౌలతాబాద్ తోటలో గాలిని పట్టి కిందికి దించే గోపురం ఎత్తు 33 మీటర్లు. దాని అడుగున నిలబడితే పైనుంచి దిగే చల్లగాలి తెలుస్తుంది. షిరాజ్‌లో నాసిర్ అల్ ముల్క్ మసీదుకు తలుపులు తీసే వేళకే చేరండి, మధ్యాహ్నానికి రంగుటద్దాల వెలుగు నేలమీద ఉండదు.

ఆడవాళ్లకు తలమీద చున్నీ చట్టప్రకారం తప్పనిసరి. ఈ ఊళ్ల వంటల్లో కారం చాలా తక్కువ. గుంటూరు నాలుకైతే కారప్పొడి పొట్లం చెకిన్ పెట్టెలో వేసుకోండి.