పేరొచ్చింది కానీ పుస్తకం కదలట్లేదా? ఎక్కడ ఆగిందో చూడండి

పబ్లిసిటీ పెంచే ముందు, ఇప్పటికే వచ్చిన పబ్లిసిటీ ఎక్కడ వృథా అవుతోందో చూసుకోవాలి.

సమస్య: పోస్టుకు అభినందనలు బోలెడు, ఆర్డర్లు లేవు.
కారణం: చాలాసార్లు కొనే దారి లేకపోవడమే. కవర్ ఫొటో ఉంటుంది, వెల ఉండదు. "కావలసినవారు ఇన్‌బాక్స్‌లో అడగండి" అంటారు. రెండు రోజులకు జవాబిచ్చేసరికి అడిగినవారి ఉత్సాహం చల్లారిపోతుంది.
పరిష్కారం: వెల, పోస్టేజీ, ఫోన్‌పే నంబరు, దొరికే షాపుల పేర్లు పోస్టులోనే రాయండి. ఇంటర్వ్యూ గానీ సమీక్ష గానీ వస్తోందంటే, షాపులో కాపీలున్నాయో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

సమస్య: ఆవిష్కరణ సభకు హాలు నిండింది, అమ్మింది మాత్రం ఏమీ లేదు.
కారణం: వచ్చినవాళ్లలో చాలామంది తోటి రచయితలు. కాంప్లిమెంటరీ కాపీ చేతికొచ్చాక ఎవరు కొంటారు?
పరిష్కారం: సమీక్ష రాస్తామన్నవాళ్లకు తప్ప ఉచితం వద్దు. గుమ్మం దగ్గర బల్ల వేసి, చిల్లర, క్యూఆర్ కోడ్ ఇచ్చి ఒకరిని కూర్చోబెట్టండి. శాలువాల కార్యక్రమం తగ్గించండి. అది సాగేకొద్దీ జనం బస్సు టైము చూసుకుంటారు గానీ బల్ల వైపు చూడరు.

సమస్య: సమీక్షలు బాగున్నాయి, అయినా కదలట్లేదు.
కారణం: రచయిత పేరు ఎవరికీ తెలియదు. 2013 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అనే కొత్త పేరుతో ఒక డిటెక్టివ్ నవల వచ్చింది. విమర్శకులు మెచ్చుకున్నారు, కానీ హార్డ్‌బ్యాక్ అమ్ముడైంది సుమారు 1,500 కాపీలే. అది హ్యారీ పోటర్ రచయిత్రి జె.కె. రౌలింగ్ కలంపేరని జులైలో బయటపడగానే అమెజాన్‌లో మొదటి స్థానానికి ఎగబాకింది. పుస్తకంలో ఉన్నదేమో అదే కథ!
పరిష్కారం: ఆ పేరు మనకు అప్పు దొరకదు. పుస్తకం వేయకముందే ఆదివారం అనుబంధాల్లో, వెబ్ పత్రికల్లో కథలు రాస్తూ ఉండండి, అదీ ఒకే పేరుతో. కలంపేరు మారిస్తే మళ్లీ మొదటికొస్తారు.

సమస్య: ఎవరో సమీక్షలో ఏకిపారేశారు. ఒకటే టెన్షన్.
కారణం: నష్టం అందరికీ ఒకేలా ఉండదు. న్యూయార్క్ టైమ్స్ సమీక్షల మీద 2010లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, చెడ్డ సమీక్ష వల్ల పేరున్న రచయితల అమ్మకాలు తగ్గాయి, పేరు లేనివాళ్లవి పెరిగాయి. అలాంటి పుస్తకం ఒకటుందని తెలియడమే కొత్తవాళ్లకు లాభం.
పరిష్కారం: కొత్తవాళ్లయితే గొడవకు దిగకుండా ఒక అధ్యాయం ఉచితంగా చదవనివ్వండి. పేరున్నవాళ్లయితే, నచ్చిన పాఠకుల చేత కూడా రాయించండి. కథ కాపీ కొట్టారన్న ఆరోపణైతే మాత్రం ఈ లెక్క పనిచేయదు. ఆధారాలతో ఒక్కసారి జవాబిచ్చి ఊరుకోండి.