చీటీ ఐడీతో టేబుళ్లు కలపకండి

భీమవరం వైపు రొయ్యల కొనుగోలు లెక్కల్ని పవర్ బీఐ అనే మైక్రోసాఫ్ట్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన మోడళ్లు (ఒకదానితో ఒకటి కలిపిన టేబుళ్లు) నేను చూసినవన్నీ ఒకే చోట బరువెక్కాయి. చెరువు గట్టు మీద కాటా వేసిన ప్రతిసారీ పుట్టే చీటీ ఐడీ దగ్గర.

చీటీలు రాసే సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఆ ఐడీ 36 అక్షరాల పొడవు. 12 లక్షల చీటీలుంటే 12 లక్షల వేర్వేరు విలువలు. పవర్ బీఐ డేటాని కాలమ్ వారీగా కుదించి దాస్తుంది, ఒకే విలువ మళ్లీ మళ్లీ వస్తేనే ఆ కుదింపు బాగా పనిచేస్తుంది. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) కాలమ్ చూడండి, 30, 40, 50, 100 అంటూ తిప్పి తిప్పి అవే, అందుకే ఎన్ని లక్షల వరసలున్నా కొంచెం చోటులో సర్దుకుంటుంది. చీటీ ఐడీలో ఏదీ రెండోసారి రాదు, పైగా టెక్స్ట్ కాబట్టి ప్రతి ఒక్కటీ డిక్షనరీలోకి, అంటే ఆ కాలమ్‌లోని వేర్వేరు విలువల జాబితాలోకి, ఎక్కాల్సిందే. దాని మీదే రిలేషన్‌షిప్ (రెండు టేబుళ్ల మధ్య లింకు) కూడా పెడితే రిపోర్ట్‌లో క్లిక్ చేసినప్పుడల్లా లక్షల విలువలు కదలాల్సి రావచ్చు.

ముందు కొలవండి. పవర్ బీఐ మోడళ్లను పరిశీలించే డాక్స్ స్టూడియో అనే టూల్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో వ్యూ మెట్రిక్స్ నొక్కితే ఏ కాలమ్‌లో ఎన్ని వేర్వేరు విలువలున్నాయో, డిక్షనరీ ఎంత తింటోందో కనిపిస్తుంది.

ఇప్పుడు చీటీల టేబుల్, ల్యాబ్ టెస్టుల టేబుల్ రెండూ ఐడీతో కలిసి ఉన్నాయనుకోండి. ఇది రిలేషన్‌షిప్‌తో తీరే పని కాదు. టెస్ట్ ఫలితాన్ని చీటీల టేబుల్లోకే మెర్జ్ చేసి ఐడీని తీసేయండి. డేటాబేస్‌లోనే జాయిన్ చేయగలిగితే ఇంకా మంచిది, పవర్ క్వెరీలో (పవర్ బీఐ డేటాని తెచ్చి సర్దే భాగంలో) అన్ని వరసల మెర్జ్ అంటే రిఫ్రెష్ సాగుతూనే ఉంటుంది. ఒక చీటీకి రెండు మూడు టెస్టులుంటే చివరి ఫలితం ఒక్కటే తీసుకోండి, లేదంటే వరసలు పెరిగిపోయి కిలోలు తప్పుతాయి. ఎప్పుడో ఒక చీటీ వెతకాల్సి వస్తే దానికి డేటాబేస్ నుంచి నేరుగా ఒక పేజినేటెడ్ రిపోర్ట్ (పేజీలుగా ప్రింట్ తీసుకునే రిపోర్ట్) పెట్టుకోవచ్చు.

చెరువుల టేబుల్‌తో లింకు మాత్రం ఉండాల్సిందే. అక్కడ పొడవాటి కోడ్ బదులు 1, 2, 3 అని పూర్ణ సంఖ్య వాడండి. దీనివల్ల డిక్షనరీ తేలికవుతుంది కానీ వేర్వేరు విలువల సంఖ్య తగ్గదు, అందుకే ఇదే మందు చీటీ ఐడీకి వేసి ఊరుకుంటే సరిపోదు. ఇంక్రిమెంటల్ రిఫ్రెష్ (పాత వరసలు అలాగే ఉంచి కొత్తవే తెచ్చుకోవడం) ఉంటే ఆ నంబర్ డేటాబేస్‌లోనే ఇవ్వండి. పవర్ క్వెరీ ఇండెక్స్‌తో (వరస నంబరుతో) ఇస్తే, మధ్యలో కొత్త చెరువు చేరినప్పుడు నంబర్లు జరిగిపోయి ఒక రైతు సరుకు ఇంకో రైతు ఖాతాలో కనిపిస్తుంది.

కోడ్‌లు చేత్తో టైప్ చేసినవైతే డూప్లికేట్లు తీసే ముందే ట్రిమ్ (ముందూ వెనకా ఖాళీలు తీసేయడం), అప్పర్‌కేస్ (అన్నీ పెద్ద అక్షరాలు) చేయండి. చిన్న అక్షరం, పెద్ద అక్షరం పవర్ క్వెరీకి వేరు, మోడల్‌కి ఒకటే. చెరువుల టేబుల్లో ఒకే విలువ రెండుసార్లు ఉందని ఎర్రర్ వచ్చేది చాలాసార్లు ఇక్కడే.

కాటా సమయం కూడా ఇలాంటిదే. సెకన్లతో సహా ఉంచితే ఏడాదికి 3,15,36,000 విలువలకు అవకాశం, తేదీ, టైమ్ విడగొడితే తేదీకి 365, టైమ్‌కి 86,400 మాత్రమే. క్యాలెండర్ టేబుల్‌కి తేదీ ఒక్కటే చాలు.

అంతా అయ్యాక మొత్తం కిలోలు పాత రిపోర్ట్‌తో సరిచూడండి. రైతు పేర్ల స్లైసర్‌లో (రిపోర్ట్‌లో పేరు ఎంచుకునే జాబితాలో) బ్లాంక్ అని కనిపిస్తే ఏదో చీటీకి చెరువు దొరకలేదన్నమాట, అది ఎవరి సరుకో తేలేదాకా ఆ రిపోర్ట్ ఎవరికీ పంపకండి.