విధాన పత్రాలు చదవడం ఎలా? 3వ పాఠం: లవమూ హారమూ

గత పాఠంలో ఒక పత్రాన్ని రాయించినది ఎవరు, దానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నలు చూశాము. అభ్యాసంగా ఇచ్చిన పత్రాన్ని వెలువరించిన ఢిల్లీలోని ఆర్‌ఐఎస్ (అభివృద్ధి చెందుతున్న దేశాల పరిశోధన, సమాచార సంస్థ) విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పరిధిలోని స్వయంప్రతిపత్తి సంస్థ అని మీరు గుర్తించి ఉంటే చాలు. ఆ సంగతి దాని పరిశోధనను తోసిపుచ్చడానికి కారణం కాదు, దానిని ఏ చూపుతో చదవాలో మాత్రమే తెలుపుతుంది. ఈ పాఠం అంకెల గురించి. థింక్ ట్యాంకుల, అంటే ప్రభుత్వ విధానాలపై పరిశోధన చేసే సంస్థల, పత్రాలలో పాఠకుణ్ణి అన్నిటికన్నా సులువుగా లొంగదీసుకునేది వాదన కాదు, అంకె.

శ్రీకాకుళం తీరానికి దగ్గరి విషయం కనుక చేపల వేట రాయితీలను ఉదాహరణగా తీసుకుందాము. ప్రపంచ వాణిజ్య సంస్థ 2022 జూన్‌లో జెనీవాలో ఈ రాయితీలపై ఒక ఒప్పందాన్ని ఆమోదించింది; మూడింట రెండు వంతుల సభ్య దేశాలు అంగీకార పత్రాలు ఇచ్చాక, 2025 సెప్టెంబరు 15న అది అమలులోకి వచ్చింది. అక్రమ వేటకు, ఇప్పటికే తరిగిపోయిన చేపల నిల్వలపై సాగే వేటకు, ఏ నియంత్రణా లేని బహిరంగ సముద్రంలో వేటకు ఇచ్చే రాయితీలను అది నిషేధిస్తుంది. మితిమీరిన పడవల సామర్థ్యాన్ని పెంచే రాయితీలపై రెండవ దశ చర్చ మాత్రం 2024లో అబుదాబిలో కూడా తెమలలేదు. ఆ చర్చ పొడవునా పత్రాల మీద పత్రాలు వచ్చాయి, వాటి వెంట అంకెలూ వచ్చాయి.

మొదటి అంకె: ప్రపంచ దేశాలు 2018లో చేపల వేటకు ఇచ్చిన రాయితీలు 3,540 కోట్ల డాలర్లు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకుల నాయకత్వంలో వచ్చిన ఈ లెక్క 2019లో ప్రచురితమైంది. రెండవ అంకె: 2018 నుంచి 2020 వరకు సగటున ఏడాదికి 1,040 కోట్ల డాలర్లు, ఇది ఎక్కువగా ధనిక దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ లెక్క. మూడు రెట్లకు పైగా తేడా చూసి వీరిలో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోవడం తొందరపాటు. ఓఈసీడీ లెక్క 40 దేశాలకు పరిమితమై, ప్రభుత్వాలు తెలిపిన వివరాలపై ఆధారపడినది. విశ్వవిద్యాలయం వారిది సముద్ర తీరమున్న దేశాలన్నిటినీ చేర్చి, వివరాలు దొరకని చోట అంచనాతో పూరించినది. పత్రం ఈ రెంటిలో ఒకదాన్నే ఇచ్చి, అది ఎలా వచ్చిందో అడుగున ఒక్క వాక్యమైనా రాయకపోతే, ఆ రచయిత మీకు సమాచారం ఇవ్వడం లేదు, తన పక్షం వాదిస్తున్నాడు.

ఇప్పుడు అసలు కిటుకుకు వద్దాము. మొత్తం రాయితీలు చూస్తే పై 2018 లెక్కలో చైనాది సుమారు ఐదవ వంతు, అదే అగ్రస్థానం. కుటుంబం చొప్పున చూస్తే కథ తిరగబడుతుంది. 2022 జెనీవా సమావేశంలో భారత వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ మన దేశం ఒక మత్స్యకార కుటుంబానికి ఏడాదికి ఇచ్చేది కేవలం 15 డాలర్లేనని, కొన్ని దేశాలు 42,000, 65,000, 75,000 డాలర్ల దాకా ఇస్తున్నాయని అన్నారు. ఈ 15 డాలర్ల లవంలో ఏముంది, హారంలో ఎవరున్నారు?

కాగితం తీసుకుని వేసి చూడండి. 2022 మే నెలలో వేట నిషేధ భృతిగా (ఏటా సముద్రంలో వేట ఆపే కాలానికి ఇచ్చే సాయంగా) ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుమారు 1.09 లక్షల కుటుంబాలకు పదివేల రూపాయల చొప్పున 109 కోట్లు ఇచ్చింది. 2010 సముద్ర మత్స్యకార గణన ప్రకారం దేశంలో సముద్ర మత్స్యకార కుటుంబాలు 8,64,550. మన రాష్ట్రం ఇచ్చిన ఆ ఒక్క భృతినే దేశంలోని సముద్ర మత్స్యకార కుటుంబాలన్నిటికీ పంచినా కుటుంబానికి సుమారు 1,260 రూపాయలు వస్తుంది. అప్పటి మారకంలో అది 16 డాలర్లు. అంటే ఇతర రాష్ట్రాల పథకాలు, డీజిల్ రాయితీ, కేంద్ర పథకాలు కలపకముందే 15 దాటిపోయింది. కాబట్టి ఆ లవంలో నిషేధ భృతి వంటివి లేకపోయి ఉండాలి, లేదా హారంలో చెరువులు, నదులపై బతికే కుటుంబాలు కూడా చేరి ఉండాలి, లేదా లెక్క పాత ఏడాదిది అయి ఉండాలి. ఇందులో రెండవది ముఖ్యం, ఎందుకంటే ఒప్పందం వర్తించేది సముద్రంలో వేటకే. చెరువు చేపలకు, రొయ్యల సాగుకు దానితో పని లేదు. ఇంత చేసినా మన మంత్రి వాదనలోని సారం చెక్కుచెదరదన్నది నా అభిప్రాయం: 15 కాక 150 అయినా 42,000కు దరిదాపుల్లో ఉండదు. కానీ ఆ మాట చెప్పే అర్హత లెక్క వేసి చూసిన వారికే ఉంటుంది.

ఏ హారం సరైనది అన్నది ప్రశ్నను బట్టి ఉంటుంది. చేపల నిల్వ ఎంత తరుగుతుందన్నది ప్రశ్నయితే మొత్తం రాయితీ, లేదా పట్టిన టన్నుకు ఎంత అన్నది పనికొస్తుంది. చేపకు తనను పట్టినవాడు పేదా ధనికుడా అన్నది తెలియదు కదా. జీవనోపాధి ప్రశ్నయితే కుటుంబానికి ఎంత అన్నదే చూడాలి. ఒక ప్రశ్న అడిగి మరో ప్రశ్నకు తగిన హారంతో జవాబు చెప్పే పత్రాలు పెద్ద సంస్థల నుంచి కూడా వస్తుంటాయి.

అభ్యాసం: మన రాష్ట్రంలో 2019లో పెంచిన డీజిల్ రాయితీ లీటరుకు 9 రూపాయలు, నెలకు పరిమితి విశాఖ రేవులో కనిపించే మరపడవలకు 3,000 లీటర్లు, బుడగట్లపాలెం ఇసుకలోకి లాగిపెట్టే మోటారు బోట్లకు 300 లీటర్లు. లీటరు చొప్పున, పడవ చొప్పున, పడవలోని మనిషి చొప్పున మూడు లెక్కలు వేయండి. మూడవదానికి కావలసిన మనుషుల సంఖ్యను పుస్తకంలో వెతకవద్దు; కళింగపట్నమో భావనపాడో వెళ్లి వల సర్దుకుంటున్న వారిని అడగండి. ఆపైన ‘ఈ రాయితీ చిన్న మత్స్యకారుల కోసమే’ అనే వాక్యాన్ని మీరు ఏ లెక్కతో సమర్థిస్తారో, ఏ లెక్కతో ఖండిస్తారో చెరొక పేరాలో రాయండి.

నాలుగవ పాఠంలో, రెండవ దశ చర్చలో నిషేధం నుంచి మినహాయింపుగా భారత్ కోరిన 25 ఏళ్ల గడువును, దానిని వ్యతిరేకించే పత్రాలు ఎలా చిత్రించాయో చూద్దాము.