కూరగాయల మళ్లలో నత్తల పని పట్టడం

సీమ ఎండలకు నత్త బతుకుతుందా అనుకుంటాం గానీ, వేసవంతా అది పెంకు మూతికి పలచటి పొర బిగించుకుని రాళ్ల సందుల్లో పడుకుంటుంది. జూన్‌లో నాలుగు చినుకులు పడగానే లేస్తుంది. అప్పట్నుంచి ఈశాన్య వానలు తగ్గే నవంబరు దాకా దాని రాజ్యమే.

ముందు దొంగ ఎవరో తేల్చుకోండి. ఆకు మీద ఎండిన జిగురు చార మెరుస్తుంటే నత్త. చార లేకుండా నల్లటి పెంటికలుంటే పురుగు. అనుమానం తీరకపోతే రాత్రి ఎనిమిది, పది మధ్య టార్చి వేసి చూడండి. రెండాకుల మీదున్న బీన్స్, దోస, క్యాబేజీ మొలకల్ని మొదలంటా కొరికేది ఎక్కువగా పెంకులేని నత్తే.

మన పెరళ్లలో వీటి ఇల్లు కడప బండలు. ఇల్లు కట్టగా మిగిలి గోడవారగా పేర్చినవాటిలో ఒకటి లేపి చూడండి: అడుగున తేమలో గుంపుగా అతుక్కుని ఉంటాయి. పక్క మట్టిని రెండంగుళాలు గీకితే సగ్గుబియ్యంలాంటి గుడ్లు. ఆఫ్రికా పెద్ద నత్తయితే ఒక్క విడతలోనే వందకు పైగా పెడుతుంది. గుడ్లను ఏరి నలిపేయండి, బండల్ని మడికి దూరంగా ఎండలోకి మార్చండి. చెనక్కాయ పొట్టు కప్పేవాళ్లు అంగుళం మందం దాటించొద్దు, మొక్క మొదలు చుట్టూ జానెడు ఖాళీ ఉంచాలి. నీళ్లు పొద్దున్నే పెట్టండి. సాయంత్రం తడిపితే రాత్రంతా వాటికి నున్నటి దారి వేసినట్టే.

ఇక ఏరివేత. గోనెసంచి తడిపి, పిండి, సాయంత్రం ఆరింటికి మడి పక్కన పరచండి, కింద బొప్పాయి ఆకులో క్యాబేజీ ఆకులో వేయండి. పదడుగులకొకటి చాలు. ఎండెక్కకముందే సంచి ఎత్తి, పట్టకారుతోనో చేతొడుగుతోనో ఏరి, లీటరుకు 200 గ్రాముల ఉప్పు కలిపిన బకెట్లో వేయండి. ఉత్త చేతులతో వద్దు. మనిషి మెదడుకు హాని చేసే పురుగులు కొన్ని నత్తల్లో ఉంటాయి. అదే కారణంగా ఆకుకూరల్ని బాగా కడిగి వండుకోవాలి. చచ్చినవాటిని అడుగు లోతు గోతిలో పూడ్చండి. పది రోజులు వరసగా చేసి, తర్వాత వారానికి రెండుసార్లు. చాలామంది చేసే తప్పు సంచిని పగలంతా అక్కడే వదిలేయడం. అప్పుడది ఎర కాదు, వాటికి గుడిసె.

మడిలో ఉప్పు మాత్రం చల్లకండి, ఆ బకెట్ నీళ్లూ అక్కడ పారబోయకండి. అసలే చౌడు నేలలు, పైగా ఉప్పు బోర్లు. సున్నమో బూడిదో మడి బయట మూడంగుళాల గీతగా వేస్తే పొడిగా ఉన్నంతసేపే అడ్డు, జల్లు పడితే మళ్లీ వేయాల్సిందే. కోడిగుడ్డు పెంకులు నమ్ముకోదగ్గవి కావు.

ఏరినా తగ్గకపోతేనే నత్తల్ని చంపే మందు, మెటాల్డిహైడ్ 2.5 శాతం గుళికలు. ఎకరాకు రెండు కిలోలు, అంటే సెంటుకు 20 గ్రాములు. సాయంత్రం, వాన లేని రోజున, ఆకుల మీద పడకుండా మళ్ల మధ్య పలచగా చల్లాలి. కుప్పగా పోస్తే కుక్కో కోడో తిని చస్తుంది. అవి తిరిగే పెరట్లో అసలు వాడొద్దు.

కొత్తగా నర్సరీ మొక్క తెస్తే కవరు చింపి, వేళ్ల చుట్టూ మట్టిలో ఆ సగ్గుబియ్యం గింజలేమైనా ఉన్నాయేమో చూసాకే నాటండి.